బస్తా మీది అక్షరాలు

లెక్కల పేపర్లు ఇచ్చే రోజు తరగతంతా టెన్షన్‌గా ఉండేది. పాస్ మార్కులు రానివాళ్లను మాస్టారు వరసగా లేపి నిలబెట్టేవారు. అందరితోనూ అనే మాట ఒకటే. "నువ్వు గేదెలు కాసుకోటానికి తప్ప ఎందుకూ పనికిరావురా." ఆడపిల్లలకైతే, "నువ్వు ఊడ్పులకు పో." అంటే వరి నాట్లకు. ఇంటికొస్తే నాన్న అదే మాట ఇంకో రకంగా అనేవాడు. "సరిగ్గా చదవకపోతే రేపట్నుంచి పార పట్టుకుని నా వెనకాల రా."

నాన్నకు మూడెకరాలుండేది. తెల్లారకముందే కాలువ గట్టు మీదికి పోయి నీటి వంతు చూసుకునే మనిషి. రాత్రి అన్నం తింటూ కూడా నారు ఎర్రబడిందనో, మడిలో నీళ్లు నిలవటం లేదనో అమ్మతో చెబుతూనే ఉండేవాడు. తన పనంటే ఆయనకు ప్రాణం. అలాంటి మనిషి మమ్మల్ని భయపెట్టడానికి ఎంచుకున్నది కూడా ఆ పనినే. అప్పట్లో నాకది వింతగా అనిపించలేదు. ఊళ్లో అందరి నాన్నలూ అంతే.

నేను ఎనిమిది నుంచి పది దాకా చదివింది 1987-90 మధ్య, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో. పొన్నూరుకూ బాపట్లకూ మధ్య, కొమ్మమూరు కాలువ కింద సాగయ్యే ఊరు. బడి వెనక గోడ దాటితే వరి. వానాకాలం కిటికీ పక్కన కూర్చుంటే నారుమడి వాసన పుస్తకాల మీదికి వచ్చేది. మా హాజరు పట్టీ చూస్తే చాలు, పొలంలో ఏ పని నడుస్తోందో చెప్పొచ్చు. కాలువలు వదిలి ఊడ్పులు మొదలైతే సగం బెంచీలు ఖాళీ. డిసెంబర్‌లో కోతలు, కుప్పనూర్పిళ్లు. సంక్రాంతి దాటాక మినుము పీకుళ్లు. అవి సరిగ్గా పరీక్షల ముందు వచ్చేవి. కూలికి పోయే ఇళ్ల పిల్లలు అప్పుడు వారాల తరబడి కనిపించేవాళ్లు కాదు. తిరిగొచ్చాక మాస్టార్లు వాళ్లను, "ఏం, పొలంలో ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగేవాళ్లు. మేం నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

శుక్రవారం చివరి రెండు పీరియడ్లకు టైంటేబుల్లో ఎస్‌యూపీడబ్ల్యూ అని ఉండేది. సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అని దాని అర్థం. చదువుకూ చేతిపనికీ మధ్య గోడ ఉండకూడదని పెద్దలు ఆలోచించి పెట్టిన విషయమది. దేశంలో చదువుల తీరు చూడటానికి వేసిన కొఠారీ కమిషన్ 1964-66 లోనే పని అనుభవం చదువులో భాగం కావాలని చెప్పింది. ఇవన్నీ నేను బీఈడీలో చదివి తెలుసుకున్నాను. బడిలో ఉన్నప్పుడు మాకు తెలిసిందల్లా తోట పీరియడ్. ఆ పీరియడ్లో ఆలస్యంగా వచ్చినవాళ్లు, హోంవర్కు చెయ్యనివాళ్లు, తరగతిలో మాట్లాడినవాళ్లు ఎండలో పిచ్చిమొక్కలు పీకాలి. మిగతావాళ్లు లోపల కూర్చుని చదువుకోవచ్చు. నాకు ఎప్పుడూ మొదటి మూడు ర్యాంకుల్లో ఒకటి వచ్చేది కాబట్టి ఎనిమిదో తరగతంతా ఆ తోటలో మట్టి ముట్టుకోలేదు. మట్టి చేతికంటితే ఏదో తప్పు చేసినట్టే లెక్క.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు నాన్న బడి దగ్గరికి వచ్చాడు. నేను అన్నం గిన్నె మర్చిపోయాను. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోకాళ్ల దాకా బురద. లుంగీ పైకి దోపుకుని గేటు దగ్గర నిలబడి నా పేరు పిలిచాడు. మా తరగతిలో పోస్టాఫీసులో పనిచేసే ఆయన కూతురు ఉండేది. ఆ అమ్మాయి చూస్తుందేమోనని నేను వినపడనట్టే బావి వైపు తిరిగి నిలబడ్డాను. నాన్న కాసేపు చూసి గిన్నె అటెండర్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్తే ఏమీ అడగలేదు. పొలం గురించి బడి మాకు ఏం నేర్పిందంటే, నేను ముందుగా చెప్పేది ఇదే.

తొమ్మిదో తరగతిలో కొత్త సైన్సు మాస్టారు వచ్చారు. మొదటి రోజే అందరూ అడిగే ప్రశ్న అడిగారు, పెద్దయ్యాక ఏమవుతారని. డాక్టర్, ఇంజనీరు, పోలీసు, కలెక్టర్, టీచర్. ఇద్దరు మిలిటరీ అన్నారు. ఒకబ్బాయి లారీ డ్రైవర్ అంటే అందరం నవ్వాం. నలభై మంది పైగా ఉన్నాం. మూడొంతుల మంది పొలం మీద బతికే ఇళ్లవాళ్లమే. రైతు అన్న మాట ఒక్క నోట రాలేదు. మాస్టారు దాని గురించి ఏమీ అనలేదు. "సరే, ఈ ఏడు మీ ఇంట్లో ఏ వరి వేశారు?" అని అడిగారు.

కొంతమంది బీపీటీ అన్నారు. కొంతమంది డెబ్బై ఇరవై తొమ్మిది అన్నారు. నాకు తెలియదు.

"బీపీటీ అంటే ఏంటి?"

ఎవరూ మాట్లాడలేదు. అది వడ్ల పేరు, అంతే. వడ్ల పేరుకు అర్థం ఉంటుందని మేం ఎప్పుడూ అనుకోలేదు. మర్నాడు ఇంట్లో విత్తనాల బస్తాలకు కుట్టిన చీటీలు దొరికితే తెమ్మన్నారు. అటక మీద వెతికి, పాత బస్తాలు దులిపి, ఏడెనిమిది చీటీలు పట్టుకెళ్లాం. ఆయన వాటిని బల్ల మీద పరిచారు. "బీపీటీ అంటే బాపట్లరా. మీ ఊరి నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టదు. 5204 అనే ఈ సాంబ మసూరిని అక్కడ తయారు చేసి 1986లో విడుదల చేశారు. ఎంటీయూ అంటే పశ్చిమ గోదావరిలో మార్టేరు. ఈ డెబ్బై ఇరవై తొమ్మిదిని స్వర్ణ అంటారు, అది అక్కడ పుట్టింది. మినుముకు ఎల్బీజీ అని ఉంది చూడు, అందులో ఎల్ అంటే గుంటూరు పక్కనున్న లాం."

అప్పుడు నాకు కలిగినదాన్ని సరిగ్గా చెప్పలేను. న్యూటన్, డార్విన్, అందరూ ఎక్కడో సముద్రాల అవతల ఉండేవాళ్లు. సైన్సు అంటే అక్కడ జరిగేది, మనం బట్టీ పట్టేది. మా అటక మీద బస్తాకు అంటుకున్న మూడక్షరాల్లో, మా అమ్మ రోజూ వార్చే అన్నంలో సైన్సు ఉందనీ, దాన్ని చేసినవాళ్లు మేం సినిమాకు పోయే బాపట్లలోనే ఉన్నారనీ అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికెళ్లి నాన్నను బీపీటీ అంటే తెలుసా అని అడిగాను. ఆయనకూ తెలియదు. చెబితే, చేతిలో బీడీ ఆరిపోయేదాకా అలాగే విన్నాడు.

ఆ తర్వాత తోట పీరియడ్ మారింది. మాస్టారు ఒక బకెట్‌లో నీళ్లు పోయించి అందులో కోడిగుడ్డు వేశారు. మునిగింది. ఉప్పు కలుపుతూ పోయారు. గుడ్డు మెల్లగా లేచి, పావలా బిళ్లంత మేర నీటి పైకి తేలింది. అప్పుడు దాన్ని తీసేసి వడ్లు పోశారు. తాలు గింజలు, సగం పాలు పోసుకున్న గింజలు పైకి వచ్చేశాయి. గట్టి గింజలు అడుక్కి పోయాయి. "ఇదేరా ఆర్కిమెడిస్ సూత్రం," అన్నారు. అడుగున మిగిలినవాటిని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలనీ, ఉప్పు మిగిలితే మొలక చెడుతుందనీ చెప్పారు. తర్వాత వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి తలా ఒక మూట ఇచ్చారు. వారం తర్వాత ఎన్ని మొలిచాయో రాసుకు రావాలి. వందకు 80 మొలిస్తే విత్తనం ధ్రువీకరణకు నిలుస్తుంది. నా మూటలో 87 మొలిచాయి. మా పక్కింటి అబ్బాయి మూటలో 61. వాళ్ల నాన్న ఆ విత్తనమే పొలంలో చల్లాలనుకున్నాడట. పిల్లవాడు చెబితే మొదట కసిరాడు. తర్వాత మూట విప్పి తనే లెక్కపెట్టుకున్నాడు. వేరే విత్తనం కొన్నాడు. ఆ అబ్బాయి లెక్కల్లో ఎప్పుడూ ముప్పై దాటేవాడు కాదు. ఆ వారమంతా బడిలో తల ఎత్తుకుని నడిచాడు.

మినుముల కాలంలో ఇంకోటి చూపించారు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి మీద మినుములు చల్లటం మా దగ్గర అలవాటు. కోత అయ్యేసరికి ఆ మొక్క లేచి ఉంటుంది. మాస్టారు ఒక మొక్కను వేళ్లతో సహా తవ్వి తెచ్చి, వేళ్లకున్న బుడిపెలు చూపించారు. అవి మాకు తెలుసు. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాం. ఏదో తెగులు అనుకునేవాళ్లం, పొక్కులు అనేవాళ్లం. ఆయన బ్లేడుతో ఒక బుడిపెను కోశారు. లోపల ఎర్రగా, మన ఒంట్లో రక్తంలా ఉంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చే రైజోబియం అనే సూక్ష్మజీవి ఇల్లు అదే. పుస్తకంలో ఆ పేరు అంతకు ముందే చదివి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. పుస్తకంలో ఉన్నదీ మా పొలంలో ఉన్నదీ ఒకటేనని నాకు తట్టలేదు.

ఇలా చెబితే తరగతంతా వ్యవసాయం వైపు తిరిగిపోయిందనిపించవచ్చు. అలా జరగలేదు.

నా పక్క బెంచీలో ఒకమ్మాయి ఉండేది. వాళ్లకు సెంటు భూమి లేదు. అమ్మతో పాటు పదేళ్లప్పటి నుంచీ ఊడ్పులకు పోయేది. మాస్టారు బడి వెనక చిన్న మడి కట్టించి, నీళ్లు పెట్టించి, నాటు ఎలా వెయ్యాలో చూపించాలనుకున్నారు. చదరపు మీటరుకు 33 కుదుళ్లు, పైపైన నాటాలి, రెండు మీటర్లకు ఒకసారి కాలిబాట వదలాలి, గాలీ వెలుతురూ ఆడితే సుడిదోమ అనే పురుగు తక్కువగా ఉంటుందని బోర్డు మీద రాశారు. రాసి, ఆ అమ్మాయిని పిలిచి, "నీకు బాగా వచ్చు కదమ్మా, వీళ్లకు చూపించు," అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. మా అందరి కంటే ఆ పిల్లకు ఎక్కువ తెలుసని చెప్పాలనే పిలిచారు.

ఆ అమ్మాయి లేవలేదు. తల వంచుకుని, "ఇది చెయ్యకూడదనే మా అమ్మ నన్ను బడికి పంపిస్తోంది సార్," అంది.

ఎవరం మాట్లాడలేదు. మాస్టారు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత తనే ప్యాంటు మడిచి మడిలోకి దిగారు. ఆయనకు నాటటం సరిగ్గా రాదు. కుదుళ్లు వంకర పోతున్నాయి. ఆ అమ్మాయి గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆయన మా తరగతిలో ఎప్పుడూ ఎవరినీ పొలంలో పనికి పేరు పెట్టి పిలవలేదు. దిగాలనుకున్నవాళ్లు దిగేవాళ్లం.

ఆ రోజు నుంచి నాకొకటి అర్థమైంది. నేను పొలాన్ని చూసి సిగ్గుపడ్డాను, ఆ సిగ్గు వదిలించుకోవటానికి ఒక మంచి మాస్టారు చాలు. ఆ అమ్మాయిది సిగ్గు కాదు. రోజంతా వంగిన నడుము, నీళ్లలో నాని పగిలిన కాలివేళ్లు, సాయంత్రం చేతికొచ్చే కూలి. వ్యవసాయం గొప్పదని ఆ పిల్లకు చెప్పే అర్హత మాలో ఎవరికీ లేదు.

పదో తరగతికి వచ్చాక ఒక శనివారం మాస్టారు పన్నెండు మందిని బస్సులో బాపట్ల వ్యవసాయ కళాశాలకు తీసుకెళ్లారు. 1945లో మొదలైన కళాశాల అది. నాకు భవనాలు గుర్తులేవు. మళ్లలో పాతిన చిన్న చిన్న బోర్డులు గుర్తున్నాయి. ఆ మళ్లలో చున్నీలు నడుముకు బిగించుకుని బురదలో దిగిన అమ్మాయిలు గుర్తున్నారు. కుదురుకు ఎన్ని పిలకలో లెక్కపెట్టి, స్కేలుతో ఎత్తు కొలిచి, పుస్తకంలో రాసుకుంటున్నారు. బురదలో ఉన్న ఆడవాళ్ల చేతిలో పుస్తకం ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని నిర్ణయించుకున్నాను, నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని.

ఇంట్లో చెప్పాను. నాన్న గట్టిగా ఏమీ అరవలేదు. "పొలంలో దిగటానికి చదువు దేనికమ్మా? మీ అమ్మ ఏం చదివింది?" అన్నాడు. అమ్మ అసలు మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ పడింది. ఎన్ని మందులు కొట్టినా అది పోలేదు. అప్పులు మిగిలాయి. చాలామంది రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. అందులో మా అమ్మ తమ్ముడు ఒకడు. చిలకలూరిపేట వైపు కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. మాకు సెలవులకు వచ్చినప్పుడు తేగలు కాల్చిపెట్టే మామయ్య. ఆయన పోయిన తర్వాత మా ఇంట్లో పొలం అన్న మాటకు కొత్త బరువొచ్చింది. పిల్లలు చదివి బయటపడాలి, అంతే. అంతకు ముందు 1977 నవంబర్‌లో ఉప్పెన వచ్చినప్పుడు కోతకొచ్చిన చేను నీళ్లపాలవటం నాన్న కళ్లారా చూశాడు. ఆ కథ వింటూ పెరిగాం. పిల్లలకు వ్యవసాయం మీద ఇష్టం లేదని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు కోపం వస్తుంది. ఆ పిల్లలు ఇళ్లల్లో ఏం చూశారో ముందు అడగాలి.

ఇంటర్లో బైపీసీ తీసుకున్నాను. ఎంసెట్ రాశాను. అందరూ మెడిసిన్ కోసమే రాసేవాళ్లు, అది రాకపోతే అగ్రికల్చర్. నేను మొదట కోరుకున్నదే అక్కడ రెండో మాటగా ఉండేది. మెడిసిన్ ర్యాంకు రాలేదు. అగ్రికల్చర్‌కు ప్రయత్నిస్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా నిలబడలేదు. బీఎస్సీ, బీఈడీ చేసి, డీఎస్సీలో జీవశాస్త్రం టీచర్నయ్యాను. ఈ పనంటే నాకు చాలా ఇష్టం. అయినా బాపట్ల మీదుగా బస్సులో పోయేటప్పుడు ఇప్పటికీ ఆ వైపు తల తిప్పుతాను.

ఏటా జూన్‌లో తొమ్మిదో తరగతి పిల్లలను మా మాస్టారు అడిగిన ప్రశ్నే అడుగుతాను. జవాబులు మారాయి. సాఫ్ట్‌వేర్, కానిస్టేబుల్, యూట్యూబర్, అమెరికా. రైతు అన్న మాట ఇప్పటికీ చాలా అరుదు. ఎందుకని అడిగితే మాత్రం మాకంటే ఈ పిల్లలు స్పష్టంగా చెబుతారు. "కౌలు పోతే ఏం మిగలదు మేడం." "పొలం చేసేవాడికి పిల్లనివ్వరు మేడం." పద్నాలుగేళ్ల పిల్లవాడు ఈ రెండో మాట అంటుంటే నేనేం చెప్పాలి? డ్రోన్‌తో మందు కొట్టడం ఫోన్లో చూసి ఉత్సాహపడేవాళ్లూ ఉన్నారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉందని చెబితే, మొన్నొక అమ్మాయి చేరింది. అగ్రికల్చర్ బీఎస్సీలో పల్లె బడుల్లో చదివిన రైతుల పిల్లలకు విడిగా సీట్లున్నాయని కూడా చెబుతాను. చెప్పేటప్పుడు ఒక వరస బెంచీల వైపు చూడలేను. ఆ సీటు అడగాలంటే అమ్మానాన్నల పేరున పొలం ఉన్నట్టు కాగితం చూపాలి. పొలంలో అందరికంటే ఎక్కువ సేపు ఉండే ఇళ్ల పిల్లల దగ్గర ఆ కాగితం ఉండదు.

ఆ రోజు మడిలోకి దిగనన్న అమ్మాయి పదో తరగతి సగంలో బడి మానేసింది. వాళ్ల అమ్మకు జబ్బు చేసింది. తర్వాత తనే పదిహేను మంది ఆడవాళ్లను కూడగట్టి, ఎకరానికింత అని ఊడ్పులు ఒప్పుకునే ముఠా మేస్త్రి అయింది. ఇప్పుడు ఎకరంన్నర కౌలు చేస్తోంది. కొడుకు గుంటూరులో ఉద్యోగం. పోయిన ఏడు వేసవి సెలవుల్లో నేను ఊరెళ్తే, చేతిలో తడిగుడ్డ మూటతో మా ఇంటికి వచ్చింది.

"ఏమే, మన సైన్సు మాస్టారు చేయించేవాడే, వంద గింజలు. గుర్తుందా? ఈ విత్తనం ఒకాయన ఇచ్చాడు. విత్తనమంతా మొలకకు మండె కట్టే ముందు చూసుకుందామని మూట కట్టాను. లెక్కపెట్టి పెట్టు, నేను మధ్యలో మర్చిపోతా."

"నువ్వారోజు బళ్లో మడిలోకి దిగలేదుగా," అన్నాను.

"గట్టు మీద నిలబడి అంతా చూశా కదా."

వసారాలో పీట వేసుకుని ఇద్దరం కూర్చున్నాం. పళ్లెంలో గుడ్డ విప్పింది. నేను కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క గింజా పక్కకు జరుపుతూ లెక్కపెట్టాను. చివరకు మొలవని గింజలు పళ్లేనికి ఒక పక్క మిగిలాయి.

"తొంభై ఒకటి," అన్నాను.

ఆమె ఆ మిగిలిన గింజల్లోంచి ఒకదాన్ని గోటితో ఇవతలికి లాగింది. వెలుతురు వైపు పట్టి నా కళ్ల దగ్గర పెట్టింది. "తొంభై రెండు. సరిగ్గా చూడు, ఇది ముక్కు పగిలింది."